ఊరికి దూరంగా, నిండు ఇంట్లో హోమ్‌స్కూలింగ్: పిల్లల్ని పెంచడం, పని నేర్పడం, చదివించడం

బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్న పిల్లలు ఆరుగురు ఉన్నారనుకోండి. ఒక్కొక్కరికి ఆరు సబ్జెక్టులు, సబ్జెక్టుకు అరగంట. లెక్క కడితే రోజుకు 18 గంటల పాఠం. ఇక వంట, బట్టలు, పశువులు, తోట, పాలు తాగే పసిబిడ్డ, వీటన్నిటికీ సమయం ఎక్కడిది? బడిని యథాతథంగా తెచ్చి ఇంట్లో పెట్టాలని చూసే పెద్ద కుటుంబాలు తొలి ఏడాదిలోనే అలసిపోయేది ఇందుకే. బడిలో ఒక టీచరు ముందు ఒకే ఈడు పిల్లలు కూర్చుంటారు. ఇక్కడ ఆరు వయసులు, ఒకటే వంటగది.

పని, చదువు, నడవడిక మూడూ ఒకే రోజులో కలిసిపోయేలా నేర్పడమే ఇలాంటి ఇంటికి కుదిరే పద్ధతి. దానికి ముందుగా పెద్దవాళ్లు చాలా సమయం పెట్టాలి. ఒక పనిని నెమ్మదిగా, పూర్తిగా నేర్పితే పెట్టిన సమయం ఏళ్ల తరబడి తిరిగి వస్తుంది. సగం నేర్పి వదిలేస్తే రోజూ అరవడానికే సరిపోతుంది. ఇంకొకటి కూడా మొదటే చెప్పాలి. పిల్లలు ఎక్కువమంది ఉన్న ఇంట్లో అన్నిటికంటే సులువుగా ఖర్చైపోయేది పెద్దపిల్ల బాల్యం. అది దక్కకపోతే మిగతా ఏర్పాట్లు ఎంత చక్కగా నడిచినా నా దృష్టిలో ఆ ఇల్లు సరిగా నడుస్తున్నట్టు కాదు.

మొదటి అడుగు: పుస్తకాలు కొనకముందే తేల్చుకోవలసినవి

ముందు చట్టం చూడండి. ఇది దేశానికో రకంగా ఉంటుంది. జర్మనీలో పిల్లలు బడికి వెళ్లి తీరాలి, మినహాయింపులు చాలా అరుదు. ఫ్రాన్స్‌లో 2022 నుంచి ముందస్తు అనుమతి కావాలి. అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమే, కానీ కొన్ని రాష్ట్రాల్లో తెలియజేయనవసరం కూడా లేదు, మరికొన్నిట్లో పిల్లల ప్రగతిని ఏటా చూపించాలి. మీరున్న చోట నియమం ఏమిటో అసలు కాగితం తీసి చదవండి, ఎవరో చెప్పింది విని ఊరుకోకండి. పదో తరగతి స్థాయి పరీక్షను ప్రైవేటుగా రాసే దారి ఏది, దానికి కనీస వయసెంత, ఏ ధ్రువపత్రాలు కావాలి అన్నవి పెద్దబిడ్డకు పదేళ్లు వచ్చేసరికి మీ దగ్గర రాసి ఉండాలి. చివరి ఏడాదిలో పరుగెత్తితే టెన్షన్ మీకే కాదు, పరీక్ష రాసే పిల్లకూ అంటుకుంటుంది.

తర్వాత ఆరోగ్యం. బడికి వెళ్లే పిల్లలకు చాలాచోట్ల చూపు, వినికిడి పరీక్షలు అక్కడే జరిగిపోతాయి. ఇంట్లో చదివే పిల్లలకు ఆ ఏర్పాటు మీరే చేయాలి. చదవడం రావట్లేదని పిల్లను మందలించే ముందు కళ్లు పరీక్ష చేయించండి. టీకాల కార్డు ఒక్కొక్కరిది విడిగా పెట్టండి. మట్టిలో, పేడలో, తుప్పు పట్టిన మేకుల మధ్య తిరిగే పిల్లలకు ధనుర్వాతం టీకా గడువు దాటకూడదు.

ఇక పెద్దలిద్దరి మధ్య ఒప్పందం. పొద్దున పశువుల దగ్గర ఎవరు, పాఠం నడిచేటప్పుడు పసివాడు ఎవరి చేతిలో, తప్పు చేసిన పిల్లను ఎలా సరిదిద్దాలి అన్నవి ముందే మాట్లాడుకోండి. చదువంతా అమ్మది, పొలమంతా నాన్నది అని గీత గీసేస్తే ఒకరు కుంగిపోతారు. లెక్కలో, సైన్సో, రాత్రి చదివి వినిపించడమో ఏదో ఒకటి రెండోవారి చేతిలో పూర్తిగా ఉండాలి. అడిగినప్పుడు సాయం చేస్తాననడం ఇక్కడ చాలదు.

రెండో అడుగు: గడియారానికి బదులు వరుస

గంటల చొప్పున గీసిన టైమ్‌టేబుల్ పల్లె ఇంట్లో వారం కూడా నిలవదు. ఆవు ఈనుతుంది, వాన ముంచుకొస్తుంది, నీళ్ల మోటారు ఆగిపోతుంది. అందుకని వరుసను పట్టుకోండి. లేవడం, పశువుల పని, తిండి, పాఠాలు, బయట ఆట, భోజనం, నిశ్శబ్దపు గంట, తోటపని, స్నానం, చదివి వినిపించడం, నిద్ర. సమయం గంట అటూ ఇటూ అయినా ఏది తర్వాత ఏది అన్నది మారదు. నాలుగేళ్ల పిల్లకు గడియారం చూడటం రాదు గానీ భోజనం తర్వాత ఏం జరుగుతుందో తెలుస్తుంది. తెలిసిన పిల్ల మారాం తక్కువ చేస్తుంది.

నిశ్శబ్దపు గంటను ఎవరికోసమూ వదులుకోకండి. భోజనమయ్యాక పసివాళ్లు పడుకుంటారు, మిగతావాళ్లు తలా ఒక మూల పుస్తకమో బొమ్మల కాగితాలో పట్టుకుని కూర్చుంటారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. ఇది పెద్దవాళ్ల విశ్రాంతి కోసమే అనుకుంటారు గానీ, నిండు ఇంట్లో పెరిగే పిల్లకు రోజులో ఒంటరిగా ఉండే సమయం ఇదొక్కటే. నెమ్మదిగా ఉండే స్వభావం గల పిల్లలకు ఇది మరీ అవసరం.

నిద్ర విషయంలో నిపుణుల సూచన స్పష్టంగానే ఉంది. పగటి నిద్రతో కలిపి 3–5 ఏళ్లవారికి రోజుకు 10–13 గంటలు, 6–12 ఏళ్లవారికి 9–12, 13–18 ఏళ్లవారికి 8–10 గంటలు కావాలి. పైగా యుక్తవయసులో శరీరానికి నిద్ర ఆలస్యంగా పట్టడం సహజం. తెల్లవారుజామున పాలు పితకడం పదిహేనేళ్లవాడి వంతైతే వాడు రాత్రి తొమ్మిదికల్లా పడుకోగలగాలి. అది కుదరకపోతే పొద్దుటి పని తొందరగా లేచే పన్నెండేళ్ల పిల్లకు ఇచ్చి, వాడికి సాయంత్రం పని ఇవ్వండి.

మూడో అడుగు: ఒకసారికి ఒకటే అలవాటు

అన్నీ ఒకేసారి దిద్దాలని చూస్తే ఏదీ కుదరదు. ఒక అలవాటు ఎంచుకుని మూడు నాలుగు వారాలు ఇంటిల్లిపాదీ దానిమీదే ఉండండి. ఆ రోజుల్లో మిగతా లోపాలు కొన్ని చూసీ చూడనట్టు వదిలేయాలి.

నేనైతే మొదట పిలిస్తే రావడం నేర్పమంటాను. ఊరికి దూరంగా ఉండే ఇంట్లో ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. పాము కనిపించినా, ట్రాక్టర్ వెనక్కి వస్తున్నా, ఒక్క పిలుపుకు పిల్ల ఆగి మీవైపు రావాలి. దీన్ని ఆటగా నేర్పండి. అవసరం లేని సమయంలో పిలిచి, పరుగెత్తుకొచ్చిన పిల్లను ఎత్తుకుని, మళ్లీ ఆటకు పంపేయండి. పిలిచిన ప్రతిసారీ ఆట ఆపించి పని చెబితే ఏ పిల్లా రాదు.

చెప్పే తీరు కూడా నేర్చుకోవాల్సిందే. వంటగదిలోంచి ఆరుగురినీ ఉద్దేశించి కేక వేస్తే అది ఎవరికీ చెప్పినట్టు కాదు. దగ్గరకు వెళ్లండి, పేరు పెట్టి పిలవండి, ఒకటే మాట చెప్పండి, దాన్ని పిల్ల నోటితో తిరిగి చెప్పించండి. నాలుగేళ్లలోపు వాళ్లకు చెబుతూనే చెయ్యి పట్టుకుని చేయించాలి. లేచి వెళ్లి చేయించే ఓపిక లేనప్పుడు ఆ మాట అసలు అనకపోవడం మేలు.

నిండు ఇంటికి బాగా పనికొచ్చే మరికొన్ని అలవాట్లు: తీసిన వస్తువు తీసిన చోటే పెట్టడం. తెరిచి ఉన్న గేటును తెరిచే, మూసి ఉన్న గేటును మూసే వదలడం. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో దూరకుండా, వాళ్ల చేతిమీద చెయ్యి వేసి ఆగడం. పిల్ల చెయ్యి వేయగానే మీరు మీ రెండో చెయ్యి దానిమీద పెట్టండి. తన సంగతి మీకు అందిందని తెలుస్తుంది, ఆగగలుగుతుంది. ఒక పిల్లకు లెక్క చెబుతుంటే మరో ముగ్గురు మీమీద పడే ఇంట్లో ఈ చిన్న ఏర్పాటు పాఠాన్ని నిలబెడుతుంది.

తప్పు జరిగితే మళ్లీ సరిగ్గా చేయించండి. తలుపు ధడాలున వేసిన పిల్లవాడు వెనక్కి వెళ్లి నెమ్మదిగా వేయాలి. ఒలకబోసిన పిల్ల తుడవాలి. చెల్లెలి పుస్తకం చింపితే కూర్చుని అతికించాలి. కొట్టకండి. పిల్లల్ని కొట్టడాన్ని స్వీడన్ 1979లోనే చట్టంతో నిషేధించింది, తర్వాత ఎన్నో దేశాలు అదే దారి పట్టాయి. చట్టం సంగతి పక్కన పెట్టినా, పెద్ద కుటుంబంలో దెబ్బ ఒకరి దగ్గర ఆగదు. మీరు కొట్టిన పన్నెండేళ్లవాడు గోడ చాటున ఎనిమిదేళ్లవాణ్ణి కొడతాడు, వాడు నాలుగేళ్లదాన్ని. కోపం పట్టలేని స్థితి వస్తే పిల్లను రెండో పెద్దమనిషికి అప్పగించి బయట ఒక చుట్టు నడిచి రండి.

నాలుగో అడుగు: పనిని పాఠంలా నేర్పడం

పెద్ద కుటుంబం నిలబడేదీ కూలేదీ ఇక్కడే. పిల్లలకు పని చెప్పే ఇళ్లు చాలా ఉంటాయి, నేర్పే ఇళ్లు తక్కువ. కోళ్ల పని ఏడేళ్ల పిల్లకు అప్పగించాలనుకుందాం. ముందు కొన్నాళ్లు పిల్ల మీ పక్కన నిలబడి చూస్తుంది. మీరు ప్రతి పనినీ పైకి చెబుతూ చేస్తారు: నీళ్ల తొట్టి కడిగి నింపడం, మేత కొలిచి వేయడం, గుడ్లు ఏరడం, కోళ్లను లెక్కపెట్టడం, ఏ కోడైనా ముడుచుకుని కూర్చుందేమో చూడటం, గడియ వేయడం, చేతులు కడుక్కోవడం. తర్వాత ఇద్దరూ కలిసి చేస్తారు. ఆ తర్వాత పిల్ల చేస్తుంది, మీరు చేతులు కట్టుకుని చూస్తారు. అన్నిటికంటే కష్టమైన దశ ఇది. మేత ఒలుకుతుంది, నీళ్లు కాళ్లమీద పోసుకుంటుంది, పావుగంట పని ముప్పావుగంట పడుతుంది. అయినా చెయ్యి పెట్టకండి. చివరికి పిల్ల ఒంటరిగా చేస్తుంది, మీరు తర్వాత వెళ్లి చూస్తారు.

ఆ వెళ్లి చూడటం ఎప్పటికీ మానొద్దు. మానేస్తే నెల తిరిగేసరికి పని సగానికి జారుతుంది. పిల్ల సోమరి కావడం వల్ల కాదు, ఎవరూ చూడని పనికి విలువేముంటుందని అనుకోవడం వల్ల. చూసినప్పుడు బాగుందని ఊరికే అనేయకుండా, ఏది బాగుందో చెప్పండి. తొట్టి అడుగున పాచి లేకుండా తోమావు అంటే పిల్లకు తన పని మీ కంటికి ఆనిందని తెలుస్తుంది.

పని అయిపోయింది అంటే ఏమేమి అయిపోవాలో కాగితం మీద రాసి అక్కడే గోడకు అంటించండి. చదవడం రానివాళ్లకు బొమ్మలు గీయండి. గిన్నెలు కడగడం అయిపోయిందంటే గట్టు తుడవడం, గుడ్డ పిండి ఆరేయడం కూడా అయినట్టే. ఈ కాగితం ఉంటే వాదన మీకూ పిల్లకూ మధ్య ఉండదు.

పనిముట్లు పిల్లల చేతికి సరిపోవాలి. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో పిల్లల ఇల్లు అనే తన మొదటి బడి తెరిచిన తర్వాత బల్లలు, కుర్చీలు, చీపుర్లు పిల్లల కొలతకు చేయించి పెట్టింది, వేర్వేరు వయసులవాళ్లను ఒకే గదిలో ఉంచింది. నిండు ఇంటికి ఈ రెండూ అచ్చంగా సరిపోతాయి. పొడుగు చీపురుతో ఐదేళ్లవాడు ఊడవలేకపోతే అది వాడి లోపం కాదు. పిడి కోసి పొట్టి చేసి ఇవ్వండి, చిన్న బకెట్ కొనండి.

వయసును బట్టి స్థూలంగా చెప్పాలంటే, రెండు మూడేళ్లవాళ్లు బట్టలు బుట్టలో వేయగలరు, చెంచాలు సర్దగలరు. నాలుగు నుంచి ఆరేళ్లవాళ్లు బట్టలు మడవడం, కూరగాయలు కడగడం, మొక్కలకు నీళ్లు పోయడం చేస్తారు. ఏడు నుంచి తొమ్మిది మధ్య కోళ్లు, ఊడ్చడం, గిన్నెలు, మీ కళ్లముందు చాకు. పది దాటాక పూర్తి వంట, పాలు పితకడం, చిన్న మరమ్మతులు. అమ్మాయిలకు వంటిల్లు, అబ్బాయిలకు కొట్టం అని పంచకండి. ప్రతి పిల్లా రెండూ నేర్చుకునే బయటికి వెళ్లాలి.

పనుల్ని వారం వారం మార్చే పట్టికలు చూడముచ్చటగా ఉంటాయి గానీ, పని పట్టుబడే లోపే చేతులు మారిపోతాయి. ఒక పనిని కనీసం ఆరు నెలలు ఒకరి దగ్గరే ఉంచండి. మార్చేటప్పుడు ఇన్నాళ్లూ చేసిన పిల్లే తర్వాతివాళ్లకు నేర్పాలి, మీరు పక్కన ఉండాలి.

ఇంటి పనికి డబ్బు ఇవ్వడం నాకు నచ్చదు. ఇల్లు అందరిదీ. కానీ పదేళ్లు దాటిన పిల్లకు తనదంటూ ఒక మడో, నాలుగు కోళ్లో ఇచ్చి, ఖర్చూ రాబడీ తన నోటుపుస్తకంలోనే రాయించండి. లాభం తనది, మేత ఖర్చూ తనదే.

ఒక హద్దు మాత్రం గట్టిగా పెట్టుకోండి. పిల్లలు లేకపోతే నడవనంత పనిని ఇంటికి తెచ్చుకోవద్దు. పాఠమో, నిద్రో, ఆటో పశువుల కోసం వరుసగా కోతపడుతుంటే పశువుల సంఖ్య తగ్గించండి.

ఐదో అడుగు: మినహాయింపులు లేని నియమాలు

వీటిలో సర్దుబాట్లు ఉండవు. కొద్ది సెంటీమీటర్ల నీళ్లలో కూడా పసిబిడ్డ మునిగిపోవచ్చు, అదీ ఎలాంటి చప్పుడూ లేకుండా. బకెట్లు వాడగానే ఒంపి బోర్లించండి. బావికి, తొట్టెలకు మూత, చెరువుకు కనీసం 120 సెంటీమీటర్ల కంచె, దానంతటదే మూసుకునే గేటు పెట్టండి. నీటి దగ్గర ఐదేళ్లలోపు బిడ్డకు చేతికందే దూరంలో పెద్దమనిషి ఉండాలి. అక్క ఉంది కదా అనుకోవద్దు.

ట్రాక్టర్ మీద ఒకటే సీటు, ఒకరే మనిషి. ఒడిలోగానీ, పక్క రెక్క మీదగానీ పిల్లల్ని ఎక్కించుకోకండి. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ పిల్లలు ఎక్కడున్నారో ఒక పెద్దమనిషికి కచ్చితంగా తెలియాలి. ధాన్యం దించేటప్పుడు గాదెలోకి, రాశి మీదికి ఎవరూ ఎక్కకూడదు. కదులుతున్న ధాన్యం మనిషిని సెకన్లలో లోపలికి లాగేస్తుంది.

పురుగుమందు అసలు డబ్బాలోనే, తాళం వేసిన అరలో ఉండాలి. తాగే సీసాల్లోకి ఎప్పుడూ పోయకండి. చల్లిన పొలంలోకి మళ్లీ ఎప్పుడు వెళ్లొచ్చో డబ్బా మీద రాసి ఉంటుంది, పెద్దపిల్లలకు ఆ లేబుల్ చదవడం నేర్పండి. పశువుల్ని ముట్టుకున్నాక సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోవాలి. ఐదేళ్లలోపు పిల్లలు కోడిపిల్లల్ని చేతుల్లోకి తీసుకోకపోవడమే మంచిది, కోళ్ల నుంచి వచ్చే సాల్మొనెల్లా అనే బాక్టీరియా వాళ్లకు తీవ్రంగా సోకుతుంది. పచ్చిపాలు తాగనివ్వకండి. కాచి చల్లార్చడం అందరికీ తెలిసిందే. మరిగించకుండా, తక్కువ వేడిలోనే క్రిముల్ని చంపే పాశ్చరీకరణ పద్ధతిలో అయితే 63 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు ఉంచాలి.

ఆసుపత్రి దూరం కాబట్టి ఎనిమిదేళ్లు దాటిన ప్రతి పిల్లకూ ప్రథమ చికిత్స రావాలి. కాలిన చోట 20 నిమిషాలు చల్లటి పారే నీళ్లు, దానిమీద ఏ పూతా వద్దు. పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం చేయకూడదు. కరిచిన అవయవాన్ని కదపకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. అత్యవసర ఫోన్ నంబరు, ఇంటి చిరునామా పసివాళ్లకు కూడా నోటికి రావాలి.

ఆరో అడుగు: చదువును రెండుగా విడగొట్టడం

ముందు చెప్పిన 18 గంటల లెక్క ఇక్కడ విడిపోతుంది. చదవడం, రాయడం, లెక్కలు తలా వేరు, ఎవరి స్థాయి వారిది. కథలు, చరిత్ర, భూగోళం, సైన్సు, పాటలు, బొమ్మలు అందరూ కలిసి. చిన్నవాళ్లకు తలా వేరు పాఠం పదిహేను, ఇరవై నిమిషాలు చాలు, అది మీతో ఒక్కరే కూర్చునే పాఠం కాబట్టి. తొమ్మిది, పదేళ్లు దాటినవాళ్లకు వారానికి సరిపడా పని రాసిచ్చి సొంతంగా చేసుకోనివ్వండి, కానీ రోజూ చూడండి. వారం చివర ఒకేసారి చూస్తే తప్పుగా పట్టుబడిన పద్ధతి ఐదు రోజులు గట్టిపడి ఉంటుంది.

చదవడం నేర్పేటప్పుడు అక్షరానికీ ధ్వనికీ ఉన్న లంకెను వరుసగా నేర్పండి. బొమ్మ చూసి ఊహించమనకండి. పిల్లలు అందుకునే వయసులో తేడాలుంటాయి, అన్న ఐదేళ్లకే చదివాడని తమ్ముణ్ణి పోల్చడం మానేయండి. అయితే రోజూ నేర్పుతున్నా ఎనిమిదేళ్లకు కూడా మాటలు కూడబలుక్కోవడం కష్టంగా ఉంటే ఆగకుండా నిపుణులకు చూపించండి. డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే ఇబ్బంది, ఉన్న పిల్లకు ఓపికతో పాటు వేరే పద్ధతి కావాలి.

కలిసి చదివే పాఠానికి అన్నిటికంటే మంచి సాధనం తిరిగి చెప్పించడం. ఒక అధ్యాయం ఒకసారి చదివి వినిపించండి, పుస్తకం మూసి చెప్పమనండి. ఎప్పుడూ అందరికంటే చిన్నవాళ్లతో మొదలుపెట్టాలి. పెద్దవాళ్లు ముందు చెప్పేస్తే చిన్నవాళ్లకు చెప్పడానికి ఏమీ మిగలదు. ఐదేళ్ల పిల్ల రెండు మాటలు చెబుతుంది, తొమ్మిదేళ్లవాడు మధ్యలో వదిలిపోయినవి కలుపుతాడు, పదమూడేళ్లామె అదే విషయం ఒక పేజీ రాస్తుంది. ఒకే అరగంటలో మూడు తరగతులు నడిచాయి, ప్రశ్నాపత్రం అవసరం రాలేదు.

నేర్చుకున్నది నిలవాలంటే విడివిడిగా మళ్లీ తలచుకోవాలి. జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ తన జ్ఞాపకశక్తి మీద తానే చేసుకుని 1885లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇది బయటపడింది: ఒకేరోజు కూర్చుని వల్లె వేసినదానికంటే రోజుల తేడాతో వల్లె వేసినది తక్కువ శ్రమతో నిలుస్తుంది. ఎక్కాలు, స్పెల్లింగులు, తేదీలు రాసిన కార్డులు ఒక పెట్టెలో పెట్టి, మర్నాడు, మూడో రోజు, వారానికి, నెలకు తిరగేయించండి. గిన్నెలు కడిగేటప్పుడు కూడా ఈ పని అయిపోతుంది.

లెక్కల్లో పేజీలు గడవాలనే తొందర వద్దు. భిన్నాలు రాని పిల్లను శాతాలకు తీసుకెళితే రెండూ పోతాయి. పల్లె ఇంట్లో లెక్కలకు వస్తువులు వెతుక్కోనక్కర్లేదు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీళ్లు. 100 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్లు కురిస్తే ఎన్ని లీటర్లు, తొట్టిలోకి నిజంగా ఎన్ని వచ్చాయి, మిగతావి ఏమయ్యాయి? పన్నెండేళ్లవాడికి ఇది ఒక పూట పాఠం. కోడిగుడ్డు పొదగడానికి 21 రోజులు, బాతుగుడ్డుకు 28, మేక ఈనడానికి సుమారు 150, ఆవుకు సుమారు 283. క్యాలెండర్ ముందు పెట్టి తేదీలు కట్టించండి, అంచనాకూ జరిగినదానికీ తేడా రాయించండి. అయితే ఇంటి పనే లెక్కలు నేర్పేస్తుందని పుస్తకం పక్కన పడేయొద్దు. బీజగణితం కొట్టంలో దొరకదు.

పెద్దవాళ్లు చిన్నవాళ్లకు చెప్పడం పాత పద్ధతే. పద్దెనిమిదో శతాబ్దం చివర మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమంలో ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతాచార్యుడు పెద్ద పిల్లలతో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పించాడు. స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి దాన్నీ తీసుకున్నాడు. తర్వాత ఇంగ్లండులో అది మద్రాసు పద్ధతిగా పేరుపడింది. చెప్పే పిల్లకు విషయం గట్టిపడుతుందన్నది నిజం. ఇంట్లో మాత్రం దీన్ని రోజుకు పదిహేను నిమిషాలకే ఉంచండి. చదవడం వినడం, ఎక్కాలు అప్పజెప్పించుకోవడం వంటివి చాలు. కొత్త పాఠం చెప్పడం మీ బాధ్యతే.

పసివాళ్ల సంగతి చాలామంది చివర చూస్తారు, నిజానికి వాళ్లతోనే మొదలుపెట్టాలి. పాఠాలకు ముందు పావుగంట పూర్తిగా రెండేళ్లవాడితో ఆడండి. కడుపు నిండిన, ఒడి నిండిన బిడ్డ తర్వాత కాసేపు తనంతట తాను ఆడుకుంటాడు. పాఠాల వేళ మాత్రమే తీసే ఒక బొమ్మల పెట్టె విడిగా ఉంచండి.

రికార్డుకు తలా ఒక ఫైల్. చదివిన పుస్తకాల పేర్లు, నెలకొక రాత నమూనా తేదీతో, ఒక లెక్కల కాగితం. చట్టం అడిగినా అడగకపోయినా ఇది ఉంచండి. పిల్ల ముందుకు వెళుతోందో లేదో రోజువారీ హడావుడిలో కనిపించదు, ఆరు నెలల కిందటి కాగితం పక్కన పెడితే కనిపిస్తుంది.

ఏడో అడుగు: పెద్దపిల్లకు రెండో అమ్మ పాత్ర వద్దు

చంటిబిడ్డ ఏడిస్తే ముందు లేచేది ఎవరు? దెబ్బ తగిలిన మూడేళ్లవాడు ఎవరి దగ్గరికి పరుగెత్తుతున్నాడు? జవాబు ఎప్పుడూ అక్కే అయితే ఏర్పాటు మార్చాల్సిన సమయం వచ్చింది. పెద్దపిల్ల ఓపికను మెచ్చుకుంటూ మెచ్చుకుంటూనే మొత్తం భారం దింపేస్తాం, ఆ పిల్ల నోరు తెరిచి కాదనదు.

కొన్ని నియమాలు రాసి పెట్టుకోండి. తన పాఠాలు పూర్తికాకముందు పసివాళ్లను అప్పగించకూడదు. చూసుకోమన్నప్పుడు ఎప్పటిదాకానో చెప్పాలి, ఆ సమయానికి మీరు వచ్చి తీసుకోవాలి. తమ్ముళ్లను, చెల్లెళ్లను శిక్షించే అధికారం ఇవ్వకూడదు, ఆ బరువు పిల్ల మోయగలిగింది కాదు. స్నానాలు చేయించడం, రాత్రి లేవడం తల్లిదండ్రులవి. వారంలో కొన్ని పూటలు తను ఎవరికీ జవాబుదారీ కాకుండా ఉండాలి. ఇవన్నీ పెద్దకొడుక్కీ వర్తిస్తాయి. చాలా ఇళ్లలో కొడుకును పొలం అలాగే మింగేస్తుంది.

మరి చిన్నవాళ్ల పని ఎవరు చేయాలి? మీరే. అందుకు సరిపడా సమయం లేకపోతే వంట సులువు చేయండి, పంట తగ్గించండి, బంధువుల సాయం అడగండి, ఇల్లు కొంచెం చిందరవందరగా ఉంటే ఉండనివ్వండి.

ఎనిమిదో అడుగు: ఒక్కొక్కరితో విడిగా, బయటివాళ్లతో కలివిడిగా

ప్రతి పిల్లకూ వారంలో ఒకసారైనా మీతో ఒంటరిగా గడిపే సమయం ఉండాలి. కట్టెలు ఏరడానికో, సంతకో ఒక్కరినే వెంట తీసుకెళ్లండి. అడిగితే చెప్పని సంగతులు పక్కపక్కన నడిచేటప్పుడు బయటికి వస్తాయి. తాళం వేసుకునే ఒక చిన్న పెట్టె ప్రతి పిల్లకూ ఇవ్వండి, దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు.

పోట్లాటల్లో వెంటనే న్యాయమూర్తి అయిపోకండి. ఎవరికైనా దెబ్బలు తగులుతున్నా, ఒకరే ఎప్పుడూ ఏడుస్తున్నా జోక్యం చేసుకోవాలి. లేదంటే ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఎదుటివాళ్లు ఏమంటున్నారో వాళ్ల నోటితో చెప్పించండి. సగం గొడవలు అక్కడే చల్లారతాయి.

ఊరికి దూరంగా, ఇంట్లోనే చదివే పిల్లల జీవితంలో ఇంటి బయటి పెద్దవాళ్లు ఉండి తీరాలి: సంగీతం టీచరు, ఆటల కోచ్, గ్రంథాలయంలో పనిచేసేవారు, డాక్టరు. పిల్ల వీళ్లతో మీ చాటున కూడా మాట్లాడగలగాలి. మన ఇల్లు మంచిదే, ఇంకెవరితో పనేమిటని అనిపిస్తుంది. పిల్లకు ఇంట్లో చెప్పుకోలేని కష్టం వస్తే, అది బంధువు వల్లైనా అన్న వల్లైనా, వినేవాళ్లు ఇంకొకరు ఉండాలి. శరీరంలో తాకకూడని భాగాల గురించి, ఎవరైనా రహస్యంగా ఉంచమంటే వెంటనే చెప్పడం గురించి మూడేళ్ల నుంచే మాట్లాడండి. ఇంట్లో అందరికీ పడకలు వయసుకు తగ్గట్టు వేరుగా ఉండాలి. ఈ మాటలు వాయిదా వేయకండి.

పదమూడు దాటాక చదువును కొంచెం కొంచెంగా పిల్ల చేతికే ఇవ్వండి. ఏం చదవాలో కొంత తనే ఎంచుకోవాలి, మీకు రాని సబ్జెక్టుకు బయటి తరగతి వెతకాలి, దరఖాస్తులు తనే నింపాలి. ఊళ్లో ఉండాలా, వెళ్లాలా అన్న నిర్ణయానికి రెండు తలుపులూ తెరిచి ఉంచడానికే పరీక్షలు. బడికి వెళతానని ఏ పిల్లైనా అడిగితే శ్రద్ధగా వినండి. ఒక బిడ్డకు కుదిరింది అందరికీ కుదరాలని లేదు.

కష్టకాలానికి కనీస పథకం

కొత్త బిడ్డ పుడుతుంది, ఇంట్లో అందరికీ ఒకేసారి జ్వరాలొస్తాయి, కోతలు మీద పడతాయి. ఆ రోజులకు వేరే పథకం ముందే రాసి అల్మారా తలుపు లోపల అంటించండి. పశువులకు మేత, నీళ్లు. అందరికీ సులువైన తిండి. ఒక పేజీ లెక్కలు, పావుగంట చదవడం, రాత్రి ఒక కథ వినిపించడం. ఇంతే. కాన్పయ్యాక ఆరు వారాలు ఇదే నడిచినా పిల్లల చదువు పాడుకాదు, ఇంట్లో చదివించడంలో ఉన్న వెసులుబాటే అది. మామూలు రోజులకు తిరిగి వచ్చేటప్పుడు అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. మొదటి వారం వరుసను మాత్రమే నిలబెట్టండి, రెండో వారం తలా వేరు పాఠాలు, మూడో వారం అందరూ కలిసి చదివేవి. పనుల కాగితాలు ఆఖరున తీసి, ప్రతి పిల్ల పక్కనా ఒకరోజు నిలబడి, మళ్లీ చూపించి అప్పగించండి.